పొద్దున్నే ఇద్దరు పిల్లల్ని రెండు చోట్ల దింపాలి, మీరెలా మేనేజ్ చేస్తున్నారు?

రెండు గేట్ల అమ్మ:

అందరికీ హాయ్. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మాకు ఇద్దరు, బాబుకి ఆరేళ్ళు, ఒకటో క్లాసు. పాపకి మూడు నిండాయి, ఈమధ్యే నర్సరీలో వేశాం. స్కూలు ఒకవైపు, నర్సరీ ఇంకోవైపు. మా ఆయనది తెల్లారకముందే వెళ్ళిపోయే డ్యూటీ కాబట్టి పొద్దున దింపడం మొత్తం నా నెత్తినే, సాయంత్రం మాత్రం తను తీసుకొస్తాడు. ముందు బాబుని దింపాలి, తర్వాత పాపని, ఆ తర్వాత నేను ఆఫీసుకి పరిగెత్తాలి.

దూరం అసలు సమస్యే కాదండి. ఫోన్లో మ్యాప్ చూస్తే స్కూలుకి పావుగంట నడక అంటుంది, ఆ పావుగంట ఎవరికో గానీ మాకైతే అరగంట దాటిపోతోంది. ముందు ఇంట్లోంచి బయటపడటమే పెద్ద పని, వీడు షూస్ వేసుకునేలోపు అది విప్పేస్తుంది, దానికి మళ్ళీ వేసేలోపు వీడికి బాత్రూమ్ గుర్తొస్తుంది. సగం దారిలో పాప రోడ్డు మీద కూలబడి ఎత్తుకో అంటుంది, అప్పటికే నా భుజాన రెండు బ్యాగులు. స్ట్రోలర్ తీసుకెళ్తే ఎక్కదు, ఇంట్లో పెట్టి వస్తే అదే కావాలంటుంది. ఇక నర్సరీ గేటు దగ్గర నా కాలు పట్టుకుని ఒకటే ఏడుపు, నేను రెండడుగులు వేసి మనసొప్పక వెనక్కెళ్ళి ముద్దు పెట్టి వస్తుంటే ఏడుపు ఇంకా ఎక్కువవుతోంది.

వాన పడినా లేటయినా కారు తీస్తాను. కారెక్కిన ఐదు నిమిషాల్లో పాప నిద్రపోతుంది. అప్పుడు స్కూలు దగ్గర ఇంకో తలనొప్పి, లేపితే గోల, లేపకపోతే కారు లాక్ చేసి బాబుని గేటు దాకా దింపి రావాలి, రెండు నిమిషాల పనే, కారు కనబడుతూనే ఉంటుంది, అలా చేస్తే పర్లేదా? ఇంకోటి, బాబు ఈమధ్య "రోడ్డు నేనొక్కణ్ణే దాటి వెళ్తా, నువ్విక్కడే ఉండు" అంటున్నాడు. ఆరేళ్ళకి వదలొచ్చా?

మీ ఇళ్ళల్లో ఎలా నడుస్తోందో చెప్పండి. కాస్త ముందు లేవండి అని మాత్రం అనకండి, లేస్తూనే ఉన్నాను.

నడకరాయుడు:

ముందు లేవమని అనను గానీ పిల్లల్ని ముందు పడుకోబెట్టమని మాత్రం అంటాను, హహ. నిజంగానే అండి, మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి, ఆరేళ్ళు దాటినవాళ్ళకి 9 నుంచి 12 గంటలు. మీరు పొద్దున లేపే టైమ్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటే రాత్రి పడకెప్పుడో తేలిపోతుంది. కారెక్కిన ఐదు నిమిషాల్లో పాప నిద్రపోతోందంటే నాకు ముందు వచ్చే డౌట్ అదే, రాత్రి నిద్ర చాలట్లేదేమో చూడండి.

ఇంట్లోంచి బయటపడటం గురించి. మనమందరం "ఎనిమిదింటికి బయల్దేరాలి" అని పెట్టుకుంటాం, పిల్లలకి బయల్దేరడం అనేది ఒక్క పని కాదు, ఏడెనిమిది పనులు. మా ఇంట్లో బయల్దేరే టైమ్ అని ఏదీ లేదు, షూ టైమ్ ఉంది. షూ టైమ్‌కి ముందు బాత్రూమ్, వచ్చినా రాకపోయినా వెళ్ళి రావాల్సిందే. షూస్ ఎప్పుడూ తలుపు బయటే వేస్తాం, లోపల కాదు. ఒకసారి వేసుకున్నాక మళ్ళీ ఇంట్లోకి రావడం లేదు కాబట్టి విప్పే ఛాన్స్ తగ్గుతుంది. పెద్దవాడు తనంతట తను వేసుకుంటుంటే మీరు చిన్నదానికి చివర్న వేయండి, ముందు వేస్తే ఖాళీగా ఉంటుంది, ఖాళీగా ఉంటే విప్పుతుంది. బ్యాగులు, బట్టలు, సంతకం పెట్టాల్సిన డైరీ, ఇవన్నీ రాత్రే అయిపోవాలి. పొద్దున పూట "ఏ డ్రెస్ వేసుకుంటావ్" అని అడిగామా ఇంక అంతే సంగతులు.

మ్యాప్ చెప్పే టైమ్ పెద్దవాళ్ళ నడకది, గంటకి దాదాపు 5 కిలోమీటర్ల లెక్క. మూడేళ్ళ పిల్ల ఆ స్పీడుతో ఎక్కడ నడుస్తుంది, పైగా దారిలో ప్రతి చీమనీ పలకరించాలి కదా. మ్యాప్ టైమ్‌కి రెట్టింపు పెట్టుకోండి, హడావిడి సగం అక్కడే పోతుంది. కూలబడటానికి మా దగ్గర పనిచేసింది ఏంటంటే, తను అలిసి అడగకముందే నేనే చెప్పేస్తా, ఆ నీలం గేటు దాకా నడక, అక్కణ్ణుంచి ఆ చెట్టు దాకా ఎత్తుకోవడం, మళ్ళీ నడక. ఎత్తుకునే వంతు ఎక్కడొస్తుందో తెలిస్తే రోడ్డు మీద బైఠాయించాల్సిన అవసరం రాదు.

స్ట్రోలర్ విషయంలో పాపని అడగొద్దు. అది బ్యాగుల బండి, రోజూ వస్తుంది, పాప ఎక్కితే ఎక్కింది లేకపోతే లేదు. అప్పుడు కావాలన్నా ఉంటుంది, మీ భుజాలకీ రెస్ట్. కాకపోతే బ్యాగులు కింద బుట్టలో పెట్టండి, హ్యాండిల్‌కి వేలాడదీయొద్దు, పాప దిగిన మరుక్షణం బండి వెనక్కి పడుతుంది. అన్నట్టు బాబు బ్యాగు ఒకసారి కాటా మీద పెట్టి చూడండి. పిల్లల బరువులో 10 నుంచి 15 శాతం మించకూడదంటారు, 20 కిలోల పిల్లాడికి 2 లేదా 3 కిలోలు. అంతకంటే ఎక్కువుంటే వాడి నడక కూడా స్లో అవుతుంది, మనమేమో బద్ధకం అనుకుంటాం.

కారుసీటు చాదస్తం:

నేను ఒక్క దానికే జవాబిస్తా. కారులో నిద్రపోతున్న పాపని వదిలి వెళ్ళడం పర్లేదా అన్నారు కదా, పర్లేదు కాదు. రెండు నిమిషాలైనా, కారు కనబడుతున్నా, చల్లటి రోజైనా సరే వద్దు. నా పేరు చూసి చాదస్తం అనుకోండి పర్వాలేదు.

ఎందుకంటే, ఎండలో ఆపిన కారు లోపల వేడి మొదటి పది నిమిషాల్లోనే దాదాపు 10 డిగ్రీలు పెరుగుతుంది. కిటికీ కొంచెం దించి ఉంచితే సరిపోతుందనుకుంటారు చాలామంది, దానివల్ల పెద్ద తేడా ఉండదు. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే 3 నుంచి 5 రెట్లు తొందరగా వేడెక్కుతుంది. ఇక రెండు నిమిషాల పని రెండు నిమిషాల్లోనే అవుతుందని గ్యారంటీ ఏముంది చెప్పండి, గేటు దగ్గర టీచర్ ఆపి మాట్లాడుతుంది, బాబు డైరీ మర్చిపోతాడు, మీరే కాలు జారి పడొచ్చు.

నన్ను ఇంకా భయపెట్టేది వేరే. నిద్రపోతున్న బిడ్డ చప్పుడు చేయదు. ఏదో ఒకరోజు రొటీన్ మారుతుంది, మీ బదులు మీవారు దింపుతారు, లేదా ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, మనసు ఆటోమేటిక్‌గా నేరుగా ఆఫీసు దారి పట్టేస్తుంది. ఇలా బిడ్డని వెనక సీట్లో మర్చిపోయినవాళ్ళు నిర్లక్ష్యం మనుషులేం కాదు, మామూలు అమ్మానాన్నలే. అందుకని మీ హ్యాండ్‌బ్యాగో ఆఫీసు ఐడీ కార్డో రోజూ వెనక సీట్లో పాప పక్కన పెట్టండి, అది తీసుకోకుండా మీరు ఆఫీసు లోపలికి పోలేరు కదా. నర్సరీ వాళ్ళకీ చెప్పి ఉంచండి, చెప్పకుండా పాప రాకపోతే వెంటనే ఫోన్ చేయమని.

మరి ఏం చేయాలి అంటారా, స్కూలుకి రెండు వీధుల ముందే లేపడం మొదలుపెట్టండి. కిటికీ దించి గాలి తగలనివ్వండి, పాట పెట్టండి, లేపే డ్యూటీ అన్నయ్యకి ఇచ్చేయండి, వాడికి భలే సరదాగా ఉంటుంది. లేవకపోతే ఎత్తుకుని తీసుకెళ్ళండి, భుజం మీద నిద్రపోనివ్వండి. లేదంటే తెలిసిన పేరెంట్ ఎవరైనా కారు దగ్గరికొచ్చి బాబుని గేటు దాకా తీసుకెళ్తారేమో అడగండి.

పనిలో పని, బెల్టు సంగతి. చలికోటు వేసి ఆ పైన పాప చైల్డ్ సీటు బెల్టు బిగిస్తే బిగిసినట్టే కనబడుతుంది, గుద్దుకున్నప్పుడు కోటు అణిగిపోయి బెల్టు లూజైపోతుంది. కోటు విప్పి బెల్టు పెట్టి, కోటు పైన దుప్పటిలా కప్పండి. భుజం దగ్గర బెల్టుని రెండు వేళ్ళతో చిటికెలా పట్టి చూడండి, మడత చేతికొస్తే ఇంకా బిగించాలి. బాబుకి కూడా బూస్టర్ సీటు, అంటే కూర్చునే ఎత్తు పెంచే సీటు, కావాలండి, ఆరేళ్ళు వచ్చాయి కదా అని తీసేయొద్దు. దేశాన్నిబట్టి రూల్ మారుతుంది, 135 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా వాడమంటారు. అప్పటిదాకా మామూలు బెల్టు బాబు మెడకీ పొట్టకీ అడ్డంగా పడుతుంది, భుజానికీ తుంటి ఎముకకీ కాదు. దిగేటప్పుడు ఎప్పుడూ ఫుట్‌పాత్ వైపు తలుపు నుంచే, రోడ్డు వైపు తలుపుకి చైల్డ్ లాక్ వేసి ఉంచండి.

బుజ్జి క్లాసు టీచర్:

గేటు ఏడుపు గురించి నేను చెప్తానండి, రోజూ గేటుకి అవతలి వైపు ఉండేది మేమే కదా.

మీరు వెనక్కెళ్ళి ముద్దు పెట్టి రావడం చూస్తే పాపకి ఏమర్థమవుతుందంటే, గట్టిగా ఏడిస్తే అమ్మ వెనక్కొస్తుంది. తన తప్పేం లేదు, తనకి లెక్క కరెక్టుగానే కుదిరింది. టాటా ఒక్కసారే, చిన్నగా, రోజూ ఒకేలా. ఒక ముద్దు, ఒక హైఫై, ఒకే మాట, అయిపోయింది, వెళ్ళిపోవాలి. చెప్పకుండా జారుకోవడం మాత్రం వద్దు, అది ఇంకా డేంజర్, తర్వాత రోజు నుంచి మీరు పక్కకి తిరిగినా భయపడుతుంది. క్లాసుకి కాదు, మనిషికి అప్పగించండి. అంటే టీచరో ఆయమ్మో ఎవరో ఒకళ్ళు రోజూ అదే మనిషి చేతిలోకి. చేతిలో చిన్న పని ఉన్నా మంచిదే, ఈ పువ్వు తీసుకెళ్ళి టీచర్‌కి ఇవ్వు, బ్యాగు హుక్‌కి తగిలించు, అలా. చాలామంది పిల్లలు అమ్మ కనుమరుగైన కొద్ది నిమిషాల్లోనే ఆటలో పడిపోతారు. మీకు నమ్మకం కుదరకపోతే ఒక అరగంట తర్వాత నర్సరీకి ఫోన్ చేసి కనుక్కోండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇంకో చిన్న విషయం, మీ పోస్టులో గమనించాను, సాయంత్రం నాన్న వస్తారు అన్నారు. మరి పొద్దున ఏమని చెప్పి వస్తున్నారు? "అమ్మ తొందరగా వచ్చేస్తుంది" అని గానీ చెప్తున్నారా? అలా చెప్తే అమ్మ కోసం చూస్తుంది, వచ్చేది నాన్న. నాన్నే వస్తారని చెప్పండి, అది కూడా ఐదింటికి అని కాదు, మూడేళ్ళకి గడియారం తెలీదు. నిద్రపోయి లేచి, ఆడుకున్నాక నాన్న వస్తారు అంటే తనకి అందుతుంది.

అమ్మని వదల్లేకపోవడం 10 నుంచి 18 నెలల మధ్య బాగా ఎక్కువ ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. కొత్త చోటికి వచ్చినప్పుడు మూడేళ్ళకైనా నాలుగేళ్ళకైనా తిరిగొస్తుంది. జ్వరం వచ్చి తగ్గాకా, సెలవుల తర్వాతా, సోమవారాలూ మళ్ళీ మొదటికొస్తే కంగారు పడకండి. కానీ వారాలు గడిచినా రోజంతా ఏడుస్తూ, తినకుండా, ఎవరితో కలవకుండా ఉంటే మాత్రం అలవాటైపోతుందిలే అని వదిలేయకుండా నర్సరీ వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

రెండు గేట్ల అమ్మ:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. టీచర్ గారూ మీరు కనిపెట్టేశారు, అమ్మ వచ్చేస్తుంది అనే చెప్తున్నాను, నోటికి అదే వస్తుంది మరి. రేపట్నుంచి నాన్న పేరే. కారు సంగతి కూడా ఇంక డౌట్ లేదండి, భుజాన వేసుకునే వెళ్తాను.

నడకరాయుడు గారూ, షూస్ బయట అన్నది ఈ సాయంత్రమే పెట్టేస్తా. కానీ బాబు ఒక్కడే రోడ్డు దాటతానన్న దానికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ ఫ్రెండ్ ఒకడు అలానే వెళ్తున్నాడట, అందుకే వీడికి పట్టుదల. రోడ్డు పెద్దదేం కాదు, అటొకటి ఇటొకటి బళ్ళు వెళ్ళేదే, స్కూలు టైమ్‌లో మాత్రం రద్దీ.

జీబ్రా గీతలు:

ఆరేళ్ళకి వద్దండి. తెలివితక్కువ వాడని కాదు, ఆ వయసు కళ్ళూ మెదడూ ఇంకా ఆ పనికి సిద్ధం కాలేదు. 2010లో లండన్ యూనివర్సిటీ పరిశోధకులు చూసింది ఏంటంటే, ప్రైమరీ స్కూలు వయసు పిల్లలు గంటకి 32 కిలోమీటర్లు దాటిన స్పీడుతో వచ్చే బండి తమ వైపు వస్తోందని నమ్మకంగా పసిగట్టలేరు. అంటే స్పీడుగా వచ్చే బండే వాళ్ళకి ఆగి ఉన్నట్టు అనిపించే ప్రమాదం ఉంది. స్వీడన్‌లో స్టీనా సాండెల్స్ అనే సైకాలజిస్టు 1960ల్లోనే దీని మీద చాలా పనిచేసింది, ఆవిడ చివరికి చెప్పింది చిన్నపిల్లల్ని ట్రాఫిక్‌కి తగ్గట్టు మార్చలేం, ట్రాఫిక్‌నే పిల్లలకి తగ్గట్టు మార్చాలి అని. దానికి తోడు ఎత్తు. మీరు ఆగి ఉన్న కారు పైనుంచి చూస్తారు, వాడికి కారు తలుపు తప్ప ఏమీ కనబడదు, డ్రైవర్‌కి వాడూ కనబడడు.

స్కూలు టైమ్‌లో రద్దీ అన్నారు, అసలు భయం అక్కడే. హడావిడిగా ఆపే కార్లు, రివర్స్ తీసే కార్లు, మధ్యలోంచి దూరే బైకులు. స్పీడుగా పోయే ఖాళీ రోడ్డు కంటే ఆ పది మీటర్లే నాకు ఎక్కువ భయం.

కానీ వద్దు అని ఊరుకుంటే వాడు మీరు చూడనప్పుడు దాటతాడు. వాడికి పెత్తనం ఇవ్వండి, చెయ్యి మాత్రం వదలకండి. "ఈరోజు నన్నూ చెల్లినీ నువ్వే దాటించు" అనండి. అంచు దగ్గర ఆగడం, ఇటు చూడడం, అటు చూడడం, ఇంజిన్ చప్పుడు వినడం, ఆగున్న కారు వెనకాల తెల్ల లైట్లు వెలుగుతున్నాయా (అంటే రివర్స్ వస్తోందా) చూడడం, ఇప్పుడు పోదాం అని చెప్పడం, అన్నీ వాడే చేయాలి, మీరు ఒప్పుకుంటేనే కదలాలి. రోడ్డు అంచుకి ఏదో ఒక పేరు పెట్టి ఆటలా ఆడినా సరే. స్వతంత్రం కావాలంటే గేటు నుంచి క్లాసు దాకా ఒక్కడే వెళ్ళనివ్వండి, అది వాడికి పెద్ద విషయమే.

ఇంకొక మాట, ఇది దింపేటప్పుడు కంటే తెచ్చేటప్పుడు ముఖ్యం కాబట్టి మీవారికి చెప్పండి. రోడ్డు ఇవతల నిలబడి పిల్లాణ్ణి పేరు పెట్టి పిలవొద్దు, చెయ్యి ఊపొద్దు. నాన్న కనబడగానే రోడ్డు కనబడదు, పరిగెత్తుకొస్తాడు. అవతలికి వెళ్ళి నిలబడి అప్పుడు పిలవాలి.

డ్రాప్ డ్యూటీ అమ్మమ్మ:

మా అమ్మాయి కూడా నీలాగే రెండు వైపులా పరిగెత్తేది, ఇప్పుడు ఒక మనవణ్ణి నేను దింపుతున్నా, అందుకని చెప్తున్నా తల్లీ. వీళ్ళు చెప్పినవన్నీ బంగారం లాంటి మాటలే గానీ అందరూ నీకే పనులు పెంచారు. రాత్రి బ్యాగులు సర్దడం, పిల్లల్ని టైముకి పడుకోబెట్టడం మీ ఆయన చేయాలి, పొద్దున లేని మనిషి రాత్రి ఉన్నాడు కదా. షూస్ బయట పెట్టడం కూడా.

అలాగే ఇద్దర్నీ రోజూ నువ్వే ఎందుకు దింపాలి? మీ వీధిలోంచి అదే స్కూలుకి పోయే పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ళమ్మ రెండు రోజులు మీవాణ్ణి కూడా తీసుకెళ్తుంది, నువ్వు రెండు రోజులు వాళ్ళ పిల్లని తీసుకెళ్తావు. అడగడానికి మొహమాటపడకు అమ్మాయ్, వాళ్ళూ అదే మొహమాటంతో ఉంటారు. వాణ్ణి పంపేసిన రోజు చిన్నదాన్ని ఎంత నిదానంగా నడిపించినా నీకు కంగారుండదు.

నడకరాయుడు బాబూ, ఆ చెట్టు దాకా ఎత్తుకోవడం మా మోకాళ్ళకి పనికిరాదయ్యా. నేను కథ మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తా, నడిస్తేనే మిగతాది. ఆగితే కథ కూడా ఆగుతుంది.

నడకరాయుడు:

అమ్మమ్మ గారూ ఒప్పుకున్నాం, కథ టెక్నిక్ రేపే కాపీ కొడతా. కాకపోతే మావాడు కథలో ప్రశ్నలడగడానికి కూడా ఆగుతాడు.

మీరు చెప్పిన వంతుల పద్ధతిని కొన్ని చోట్ల వాకింగ్ బస్ అంటారు. ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకళ్ళు ముందు ఒకళ్ళు వెనక, మధ్యలో పిల్లల వరస, దారిలో స్టాపుల దగ్గర మిగతా పిల్లలు కలుస్తారు. 1990ల్లో ఆస్ట్రేలియాలో డేవిడ్ ఎంగ్విట్ అనే ఆయన చెప్పిన ఐడియా అది, తర్వాత చాలా దేశాలకి పాకింది. జపాన్‌లో చాలాచోట్ల చిన్న క్లాసుల పిల్లలు ఇలా గుంపుగానే వెళ్తారు, గుంపుని నడిపించేది పెద్ద క్లాసు పిల్లలు. ఒక్కడే వెళ్తా అనే మీవాడికి ఇది నచ్చొచ్చు, అమ్మ పక్కన లేనట్టే ఉంటుంది, పెద్దవాళ్ళు ఉంటూనే ఉంటారు. ఒక్కటే షరతు, ఆ రోజు ఎవరి డ్యూటీ, ఎవరు రావట్లేదు అన్నది ముందురోజు రాత్రే గ్రూప్‌లో పెట్టాలి. పొద్దున్నే మెసేజ్ పెడితే ఎవరూ చూడరు.

రెండు గేట్ల అమ్మ:

అమ్మమ్మ గారూ, మీ పోస్టు మా ఆయనకి చూపించాను, చదివి నవ్వాడు గానీ బ్యాగులు సర్దాడు. పక్క అపార్ట్‌మెంట్‌లో బాబు క్లాసు పాప ఒకతి ఉంది, వాళ్ళమ్మని రేపు అడుగుతాను. వాళ్ళు ఒప్పుకుంటే కారు అవసరం కూడా చాలావరకు ఉండదు.

ఇక మిగిలింది వాన. నడిచి వెళ్దామంటే ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో పాప, మరి బాబుని పట్టుకునేదెలా? వాన రోజుల్లో మీరేం చేస్తున్నారు?

జీబ్రా గీతలు:

గొడుగు ఇంట్లో పెట్టేయండి, మీతో సహా ముగ్గురికీ రెయిన్‌కోట్లు. మీ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కొట్టొచ్చినట్టు కనబడే రంగు కొనండి, పసుపో నారింజో, వాన మసకలో ముదురు నీలం డ్రైవర్లకి కనబడదు. టోపీ పెద్దదైతే పక్క చూపు మూసుకుపోతుంది, అందుకని రోడ్డు దాటేముందు పిల్లల టోపీ కొంచెం వెనక్కి జరపండి, లేదంటే తల తిప్పినా వాళ్ళకి టోపీ లోపలి గుడ్డే కనబడుతుంది. పాప స్ట్రోలర్‌లో ఉంటే ప్లాస్టిక్ కవర్ వేయండి, గాలి ఆడే కన్నాలున్నది చూసి కొనండి, వాన ఆగి ఎండ రాగానే తీసేయండి. రెండు జతల సాక్సులు బ్యాగులో ఎప్పుడూ ఉండనివ్వండి, ఎంత చెప్పినా నీళ్ళల్లో కాలు పెట్టకుండా రారు.